ఐసు మేస్త్రి

బయట మే నెల.
ఉక్కకి సముద్రానికి కూడా చెమట పట్టినట్టుంది.
లోపల, మాల్ అడుగు అంతస్తులో
మైనస్ అయిదు డిగ్రీల నేల.
గరికిన పైడయ్య స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని
మంకీ టోపీ చెవుల మీదికి లాక్కుని
బండెక్కాడు.

హారన్ మోగింది. మొదటి ఇరవై నిమిషాలూ అయిపోయాయి.
పిల్లలు కర్రలు ఈడ్చుకుంటూ బెంచీల వైపు పోయారు.
ఐసు మీద వాళ్ళు వదిలిపోయినవి:
మలుపుల్లో కొడవలి గాట్లు,
ఎవడో పడ్డచోట మోచేతి ముద్ర,
గోలు ముందు తబస్సుమ్ అటూ ఇటూ జరిగి జరిగి
కోడి కెలికిన పెంటలా చేసిన జాగా.
ఇంకాసేపు ఆడితే పక్ జారదు, గెంతుతుంది.
గెంతే పక్‌ని దేవుడు గోల్‌లో నిలబడ్డా ఆపలేడు.

బండి మనిషి నడకంత మెల్లగా కదిలింది.
అడుగున బ్లేడు కాగితమంత పొర చెక్కుతుంది.
మర ఆ పొడిని పొట్టలోకి తోడుకుంటుంది.
వెనకాల వెడల్పాటి తడిగుడ్డ,
దాంట్లోంచి పొగలుకక్కే వేణ్ణీళ్ళు.

వేణ్ణీళ్ళేమిటని అడిగాను, మొదటిరోజు.
నేనిక్కడ టికెట్లు చింపేవాణ్ణి.
"సన్నీళ్ళు పోస్తే పైపైనే గడ్డకట్టి కూకుంటాది బావూ.
ఏణ్ణీళ్ళయితే గాటులోకి దిగి
పాత ఐసుని కూసింత కరగబెట్టి
దాంతో కలిసి గడ్డకడతాది.
అతుకు కనపడదు."

పాత కథ కూడా అతనే చెప్పాడు,
బండి నేర్పడానికొచ్చిన ఇంజనీరు చెప్పగా విన్నదట.
ఒకప్పుడు పారలు, పీపాలో నీళ్ళు, గొట్టం,
ముగ్గురు మనుషులు, గంటన్నర.
ఈలోగా ఆటగాళ్ళకి ఒళ్ళు చల్లారిపోయేది.
కాలిఫోర్నియాలో ఎవరో ఐసు దిమ్మల వ్యాపారి,
ఇంటింటికీ ఫ్రిజ్జొచ్చి బేరం పడిపోతుంటే
ఆ చలువ విద్యతోనే ఆటస్థలం కట్టుకుని,
ట్రాక్టరుకి బ్లేడు తగిలించి, పీకి, మళ్ళీ తగిలించి,
ఏడేళ్ళు తంటాలుపడి,
యుద్ధం మిగిల్చిన ఇనపసామానుతో
చివరికో బండి నిలబెట్టాడట.
గంటన్నర పని పది నిమిషాలయింది.
"మనోడే," అన్నాడు పైడయ్య. "ఐసు అమ్మినోడే."

ఇరవై రెండేళ్ళు చేపలరేవు ఐసు ఫ్యాక్టరీలో
కొంకితో దిమ్మలు లాగినవాడు ఇతను.
హుద్‌హుద్ నాడు పైకప్పు లేచిపోయింది.
కరెంటు లేని ఆ వారంలో
మూడొందల దిమ్మలు మెట్లు దిగి సముద్రంలోకే పోయాయి.
ఓనరు ఆ జాగాని గోడౌనుకిచ్చేశాడు.
కొంకి కాయ అరచేతిలో అలాగే ఉంది.
ఇప్పుడది స్టీరింగుకి ఆనుతుంది.

గోలు ముందు మాత్రం రెండుసార్లు తిప్పుతాడు.
రూలు ఒకసారే. డీజిల్ కాదుగా, బ్యాటరీయేగా అంటాడు.
"ఆ గుంట మోకాళ్ళమీద కూకుంటాది గదా."
శివాజీపాలెం సిమెంటు మీద
చక్రాల బూట్లతో నేర్చుకున్న పిల్ల.
సిమెంటు మీద గీతలు ఎవరూ చెరపరు,
మోకాళ్ళ మీదవీ అంతే.

పని అయింది.
బోర్డు మీద సున్నా-నాలుగు అలాగే వెలుగుతోంది.
కింద మాత్రం ఏమీ జరగనట్టు తళతళ.
ట్యూబులైట్లు అందులోకి తలకిందులుగా దిగి నిలుచున్నాయి.
తబస్సుమ్ గేటు దగ్గర, ఒక కాలు అప్పుడే గాలిలో.
పైడయ్య చెయ్యెత్తాడు.
"ఉండమ్మా. బిగుసుకోనీ."

వెనక గుమ్మంలోంచి బండి ఎండలోకి ముక్కు పెట్టి
పొట్టలో పొడంతా కుమ్మరించింది.
నూకాలు టబ్బుతో సిద్ధంగా ఉంది,
కానాగంతల మీద పరచడానికి.
పెదవాల్తేరు దాకా ఆగితే చాలునంట.
ఆ తెలుపులో నాలుగు గోళ్ళ తాలూకు గాట్లూ ఉన్నాయని
ఆవిడకి చెప్పలేదు నేను.
చేపలకి ఆ లెక్క అక్కర్లేదు.

లోపల హారన్.
మొదటి గీత ఎవరు గీశారో ఇక్కణ్ణించి కనపడదు,
చప్పుడొక్కటే, కొత్త పలక మీద బలపంలా.
పైడయ్య అప్పటికే ట్యాంకు మూత తీసి
వేణ్ణీళ్ళు పడుతున్నాడు.